తుపాను హెచ్చరిక రాగానే టోల్ గేటు ఎత్తండి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ వారికి,
జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ) ఛైర్మన్ గారికి,
ప్రతి: ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వారికి

అయ్యా,

తుపాను వస్తోంది, ఊళ్లు ఖాళీ చేయండి అని కలెక్టరు ఉత్తర్వు ఇచ్చిన గంట నుంచి ఆ ప్రాంతంలోని జాతీయ రహదారుల మీద టోల్ వసూలు దానంతట అదే ఆగిపోవాలి. దానికోసం ఎవరూ ఢిల్లీకి ఫోన్ చేయాల్సిన పని ఉండకూడదు. ఎంపీ గారు లేఖ రాయాల్సిన పనీ ఉండకూడదు. ఈ ఉత్తరంలో నేను అడిగేది ఇదొక్కటే. మిగతాదంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి.

మాది కోనసీమ. ఏడు సీట్ల బండి ఒకటి ఉంది, కిరాయికి తిప్పుతాను. మా పనిలో బేరం అంతా కుదిరాక చివర్లో ఒక మాట వస్తుంది: "టోల్, పార్కింగ్ మీవేనండి." పెళ్లి కిరాయి అయినా అదే మాట, తిరుపతి కిరాయి అయినా అదే మాట. తుపానుకు భయపడి పిల్లాజెల్లాతో ఊరు విడిచే కుటుంబానికి కూడా అదే మాట చెప్పాల్సి రావడం నాకు నచ్చదు. కానీ బండి అద్దానికి అతికించిన ఫాస్టాగ్‌లో డబ్బు కట్ అయ్యేది నా ఖాతా నుంచి కదా, చెప్పక తప్పదు.

నూటో నూటయాభయ్యో టోల్ కట్టాలని ఎవరూ ఉప్పెనలో ఇంట్లో కూర్చోరు. ఆ సంగతి నాకూ తెలుసు. మా వైపు జనం కదలకపోవడానికి వేరే కారణాలున్నాయి. గేదెలు, పడవ, వలలు, చెరువులో పట్టుబడికి వచ్చిన రొయ్య, కోతకొచ్చిన చేను, తాళం వేసి పోతే దొంగల భయం. వీటన్నిటికీ తోడు, "తొంభయ్యారు తుపానుకే కదల్లేదు, దీనికి కదులుతానా" అనే ముసలమ్మ ప్రతి వీధిలోనూ ఒకరుంటుంది. పైగా ప్రభుత్వం తరలించే జనంలో ఎక్కువమంది అసలు హైవే ఎక్కరు. ఊరి హైస్కూలుకో, తుపాను షెల్టరుకో, మండల కేంద్రంలోని కల్యాణ మండపానికో నడిచో ట్రాక్టరు మీదో వెళ్తారు. బైకులకు, ఆటోలకు ఎలాగూ టోల్ లేదు.

మరి టోల్ గేటు దాకా వచ్చేదెవరు? నెలలు నిండిన కూతుర్ని ముందే రాజమండ్రిలోనో విజయవాడలోనో ఆసుపత్రి దగ్గర ఉంచుదామని తీసుకుపోయే తండ్రి వస్తాడు. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవాల్సిన మనిషి వస్తాడు. కరెంటు పోతే ఆక్సిజన్ మిషన్ ఆగిపోతుందని మంచం మీది తల్లిని బండిలో పడుకోబెట్టుకుని కొడుకు వస్తాడు. మూడిళ్ల వాళ్లు కలిసి మాట్లాడుకున్న టాటా ఏస్ వస్తుంది. హాస్టలు పిల్లలను ఇళ్లకు చేర్చే కాలేజీ బస్సు వస్తుంది. చెరువుల మీద పనిచేసే కూలీలను ఎక్కించుకున్న వ్యాన్ వస్తుంది. వీళ్లు షెల్టరులో ఇమిడే రకం కాదు. వీళ్లు దూరం వెళ్తేనే షెల్టరులో మిగతావాళ్లకు చోటు దొరుకుతుంది. సొంత ఖర్చుతో, సొంత బండిలో, చెప్పిన వెంటనే బయల్దేరిన వీళ్ల వల్ల ప్రభుత్వానికి ఒక బస్సు, ఒక భోజనం, ఒక చాప మిగులుతాయి. అలాంటి వాళ్లను దారిలో నాలుగుచోట్ల ఆపుతున్నాం.

నాలుగు అని ఊరికే అనలేదు. అమలాపురం నుంచి వచ్చి రావులపాలెం దగ్గర ఎన్‌హెచ్ 16 (చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి) ఎక్కి విజయవాడ వైపు తిరగండి. ఈతకోట, ఉంగుటూరు, కలపర్రు, పొట్టిపాడు. నాలుగు టోల్ ప్లాజాలు. ఇంకా గుంటూరు దాకా పోవాలంటే కాజ కూడా తగులుతుంది. శ్రీకాకుళం వాళ్లకు మడపాం, చిలకపాలెం ఉన్నాయి, విజయనగరం జిల్లా దాటేసరికి నాతవలస. నెల్లూరు వైపు వాళ్లకు ముసునూరు, వెంకటాచలం, బూదనం. ఈ రోడ్డు మొత్తం బంగాళాఖాతానికి సమాంతరంగా పోతుంది. మన తీరాన్ని తాకిన ప్రతి తుపానూ ఈ రోడ్డు మీదికి రావాల్సిందే. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని పడుకోబెట్టింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా మా నరసాపురం, అంతర్వేది వైపే దాటింది. పేర్లే మారుతున్నాయి, రోడ్డు అదే, గేట్లు అవే.

మొంథా సంగతే చూద్దాం, అందరికీ ఇంకా గుర్తుంటుంది కాబట్టి. రైల్వే వాళ్లు ముందుగానే పదుల సంఖ్యలో రైళ్లు రద్దు చేశారు. విమానాలూ రద్దయ్యాయి. ఇక మిగిలింది రోడ్డే. ఆ రోడ్డు మీద కూడా 28వ తేదీ రాత్రి 8.30 నుంచి మర్నాడు ఉదయం 6 వరకు ఏడు జిల్లాల్లో వాహనాలు తిరగకూడదని రాష్ట్ర ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. అది సరైన నిర్ణయమే. చెట్లు విరిగిపడే వేళ రోడ్డు మీద బండి ఉండకూడదు. కానీ ఆ ఆంక్షకు అర్థం ఏమిటి? వెళ్లాల్సినవాడు చీకటి పడేలోపే గమ్యం చేరిపోవాలి. అంటే రెండు రోజుల మీద పరుచుకోవాల్సిన ప్రయాణం అంతా ఒక పగటిలోకి కుదించుకుపోతుంది. అప్పటికే వాన మొదలై ఉంటుంది. సర్వీసు రోడ్ల మీద నీళ్లు నిలుస్తాయి. అలాంటి రోజున ప్లాజా దగ్గర కోల్పోయే ప్రతి పావుగంటా చివరి బండి మీద పడుతుంది. చివర్లో వచ్చేది ఎవరు? సముద్రానికి అందరికన్నా దగ్గరున్న ఊరివాడు, ఆఖరిదాకా గేదెలకు చోటు వెతికినవాడు.

టోల్ దగ్గర లెక్క ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బండికి పది సెకన్లకు మించి పట్టకూడదని 2021 మేలో మీరే అన్నారు. అప్పుడు ఒక లైనులో గంటకు 360 బండ్లు పోతాయి. ఆ పది కాస్తా ముప్పై అయితే 120 బండ్లే. ముప్పై అవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఒక ట్యాగ్ బ్లాక్‌లిస్టులో (నిలిపేసినవాటి జాబితాలో) ఉంటే చాలు. వెనక్కి తీయడానికి వెనక చోటుండదు, ముందుకు పోనివ్వరు. డ్రైవరు ఫోన్ తీసి రీచార్జి చేద్దామంటే సిగ్నల్ ఉండదు. తుపానుకు ముందే మా దగ్గర సెల్ టవర్లు మొరాయిస్తాయి, కరెంటు తీసేస్తారు. నగదు ఇస్తే రెట్టింపు అన్నారు. యూపీఐ అయితే ఒకటింపావు వంతు అని 2025 నవంబరు నుంచి సడలించారు, సంతోషం, కానీ యూపీఐకి కూడా ఆ సిగ్నలే కావాలి. మామూలు రోజున ఇదొక చికాకు. ఖాళీ చేయమన్న రోజున ఇదే వెనకాల కిలోమీటరు క్యూ.

వంద మీటర్లకు మించి క్యూ ఉంటే డబ్బు తీసుకోకుండా వదిలేయాలని కూడా అదే ఉత్తర్వులో రాశారు. ఆ దూరానికి పసుపు గీతలు గీయించారు. తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారన్న చర్చ ఇప్పుడు పెట్టను. రోజూ అమలు చేయడం కష్టమే కావచ్చు, ప్రతి ప్లాజాలోనూ టేపు పట్టుకుని గొడవలు జరిగేవి. నేను రోజూ వదలమనడం లేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు, కొన్ని జిల్లాల్లో, కొన్ని గంటలు.

నిబంధనల్లో దారి లేదంటారేమో. 2008 నాటి జాతీయ రహదారుల ఫీజు నిబంధనల్లో మినహాయింపుల జాబితా ఉంది. రాష్ట్రపతి నుంచి మొదలుపెట్టి పెద్ద పదవుల వరస ఒకటి ఉంటుంది. తర్వాత సైన్యం, యూనిఫాంలో ఉన్న పోలీసులు, అగ్నిమాపక శాఖ, అంబులెన్సు, శవాలను తీసుకెళ్లే బండి. ఇవన్నీ ఉండాల్సినవే. కానీ చనిపోయినవాళ్లను మోసే బండికి ఉన్న మినహాయింపు, చావు తప్పించుకోవడానికి ప్రభుత్వం మాట విని వెళ్తున్న బండికి లేదు. జాబితా రాసినవాళ్లు దుర్మార్గులని కాదు, ఆ సందర్భం వాళ్ల ఊహకు వచ్చి ఉండదు. ఆ తర్వాత నిబంధనలను ఎన్నోసార్లు సవరించారు. 2018లో చేసిన సవరణ ఒకటి నాకు బాగా నచ్చుతుంది: ట్యాగ్ సరిగా ఉండి, డబ్బు ఉండి, ప్లాజా యంత్రమే పనిచేయకపోతే బండిని ఉచితంగా వదలాలి, సున్నా రూపాయల రసీదు ఇవ్వాలి. అంటే మీ యంత్రం చెడిపోతే ప్రయాణికుణ్ని ఆపకూడదన్న న్యాయం ఇప్పటికే పుస్తకంలో ఉంది. ఆ సున్నా రసీదునే తుపానుకు కూడా వాడమంటున్నాను. కొత్త యంత్రం కొనక్కర్లేదు, కొత్త సాఫ్ట్‌వేరు రాయించక్కర్లేదు.

ఇంకో చిత్రం చూడండి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద మా కలెక్టరుకు చాలా అధికారాలున్నాయి. ప్రమాద ప్రాంతంలోకి వచ్చే, పోయే వాహనాలను నియంత్రించవచ్చు. ప్రైవేటు బస్సును, లారీని తరలింపు కోసం స్వాధీనం చేసుకోవచ్చు, దానికి తర్వాత పరిహారం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. నా బండినీ రమ్మనవచ్చు. కానీ టోల్ ఆపించవచ్చని మాత్రం ఎక్కడా పేరు పెట్టి లేదు. కాబట్టి ప్లాజా మేనేజరు "మాకు పైనుంచి ఆర్డర్ రాలేదు సార్" అంటే ఎస్ఐ గారు కూడా నిలబడి చూడాల్సిందే. కొన్నిచోట్ల పోలీసులు గట్టిగా చెబితే వదిలేస్తారు, అదీ నిజమే. జనం ప్రాణాలు ఎస్ఐ గారి గొంతు మీద ఆధారపడకూడదు కదా.

ఎన్నడూ చేయని పని ఏదో అడుగుతున్నానని అనుకోవద్దు. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు అక్కడి జాతీయ రహదారుల మీద టోల్ ఆపారు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయితే, ప్లాజాల దగ్గర చిల్లర లేక క్యూలు పెరుగుతున్నాయని దేశమంతటా టోల్ ఆపారు, డిసెంబరు 2 అర్ధరాత్రి దాకా. 2020 మార్చి చివర్లో కరోనా లాక్‌డౌన్ పెట్టగానే, అత్యవసర సేవలకు అడ్డం ఉండకూడదని మళ్లీ దేశమంతటా ఆపి, ఏప్రిల్ 20న మొదలుపెట్టారు. మహారాష్ట్ర ప్రభుత్వం గణేశ్ పండక్కి కొంకణ్ వెళ్లే బండ్లకు పాసులిచ్చి టోల్ మాఫీ చేస్తుంది. మన దగ్గర కూడా సంక్రాంతి వస్తే చాలు, పంతంగి దగ్గర బారులు తీరిన కార్ల ఫొటోలు పేపర్లో వస్తాయి, టోల్ ఎత్తేయమని డిమాండు వస్తుంది. పండక్కి అత్తారింటికి వెళ్లేవాడి కష్టం గురించి ఇంత మాట్లాడుకుంటాం. పండగ తేదీ ఏడాది ముందే తెలుసు. వాతావరణ శాఖ పుణ్యమా అని తుపాను తేదీ కూడా ఇప్పుడు మూడు నాలుగు రోజుల ముందే తెలుస్తోంది.

ఈ ఉదాహరణలన్నిటిలో ఒక లోపం ఉంది. ప్రతిసారీ ఎవరో అడిగితే, ఎవరో ఆలోచించి, ఆ పూటకు ఒక ఆదేశం ఇచ్చారు. నోట్ల రద్దుకూ లాక్‌డౌన్‌కూ అది సరిపోయింది, ఎందుకంటే అవి వారాల తరబడి సాగాయి. చెన్నైలో ఆదేశం వచ్చేసరికి నగరం మునిగే ఉంది. తుపానులో తరలింపు అంటే ముప్పై ఆరు గంటల వ్యవహారం. ఫైలు కదిలి, సంతకమై, ప్రాంతీయ కార్యాలయానికి చేరి, అక్కడి నుంచి ప్లాజాకు మెయిల్ వచ్చేసరికి తీరం దాటడం అయిపోతుంది. అందుకే ముందే రాసి పెట్టుకోవాలి అంటున్నాను.

అమెరికాలో ఫ్లోరిడా వాళ్లు అదే చేశారు. అక్కడి చట్టంలోనే, అత్యవసర తరలింపుకు అవసరమైతే రవాణా శాఖ కార్యదర్శి టోల్ నిలిపివేయవచ్చని సూటిగా రాసి ఉంది. 2017లో ఇర్మా హరికేన్ (అక్కడి తుపాను) సెప్టెంబరు 10న తీరాన్ని తాకింది. టోల్ ఎత్తేసింది సెప్టెంబరు 5న. అంటే ఐదు రోజులు ముందు. సుమారు 65 లక్షల మందిని ఇళ్లు వదిలి వెళ్లమన్నారు, వెళ్లినవాళ్లలో ఎక్కువమంది సొంత కార్లలోనే. 2024లో మిల్టన్ హరికేన్ వచ్చినప్పుడూ తీరం తాకకముందే ఎత్తేశారు. టాంపా, ఓర్లాండో వైపు ఉన్న మన పిల్లలు చాలామంది ఆ రోడ్ల మీద బయటపడ్డవాళ్లే, వాళ్లను అడిగినా చెబుతారు. వాళ్లకూ మనకూ పోలిక అన్నిట్లో కుదరదు. అక్కడ కారు లేని ఇల్లు తక్కువ, ఇక్కడ ఉన్న ఇల్లు తక్కువ. కానీ ఇక్కడా కార్లు, వ్యాన్లు ఏటేటా పెరుగుతున్నాయి. మా వీధిలోనే పదేళ్ల కిందటి సంగతికీ ఇప్పటికీ పొంతన లేదు. రేపు తుపాను వస్తే ప్రభుత్వ బస్సు కోసం చూడకుండా బయల్దేరే కుటుంబాలు నిన్నటికన్నా ఎక్కువే ఉంటాయి.

అందరూ ఒకేసారి రోడ్డెక్కితే అదీ ప్రమాదమే అన్నమాట నిజం. 2005లో టెక్సస్‌కు రీటా హరికేన్ వచ్చినప్పుడు హ్యూస్టన్ జనం రోడ్ల మీద గంటలకు గంటలు ఇరుక్కుపోయారు. తుపాను దెబ్బకన్నా ఆ తరలింపులోనే ఎక్కువమంది చనిపోయారు, ఎండకు కొందరు, వృద్ధులున్న బస్సు తగలబడి కొందరు. టోల్ తీసేస్తే జనం ఎగబడతారని ఎవరైనా దీన్ని చూపిస్తే నా జవాబు ఇది: ఎవరు ఎప్పుడు బయల్దేరాలో చెప్పడం కలెక్టరు పని, అది వార్డుల వారీగా, మండలాల వారీగా చెప్పాలి. రోడ్డు మీదికి వచ్చేసిన బండిని మధ్యలో ఆపడం వల్ల ఎవరికీ మేలు లేదు. బండి ఎంత త్వరగా దాటితే వెనకవాడికి అంత త్వరగా చోటు.

ఇక డబ్బు సంగతి. మీ వైపు నుంచి వచ్చే అసలు అభ్యంతరం ఇదేనని నాకు తెలుసు. కొన్ని ప్లాజాలు రోడ్డు వేసిన కంపెనీల చేతిలో ఉన్నాయి. కొన్నిచోట్ల టెండరు పాడుకున్న ఏజెన్సీ వసూలు చేస్తుంది, ఎంత వసూలైనా కాకపోయినా ఒప్పుకున్న మొత్తం వారం వారం మీకు కట్టాలి. అలాంటి ఏజెన్సీవాడిని రెండు రోజులు గేటు ఎత్తమంటే, "నా పాట డబ్బు ఎవరు తగ్గిస్తారు" అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. నోట్ల రద్దప్పుడు ఈ ప్రశ్నకు మీరే జవాబు వెతికారు, కంపెనీలకు నష్టం కింద ఎంత ఇవ్వాలో ఒప్పందాలు చూసి తేల్చారు. అదే సూత్రాన్ని ముందే రాసి పెడితే సరి. ఏజెన్సీకి ఆపిన గంటల మేరకు కట్టాల్సిన మొత్తం తగ్గాలి. కంపెనీకి ఒప్పందంలోని దైవిక విపత్తుల నిబంధన ప్రకారం సర్దుబాటు జరగాలి. పైగా ఇప్పుడు ఒక సౌకర్యం ఉంది, అప్పట్లో అన్ని బండ్లకూ లేనిది. గేటు ఎత్తి ఉన్నా ట్యాగ్ రీడర్లు పనిచేస్తూనే ఉంటాయి. ఏ బండి ఎన్ని గంటలకు ఏ ప్లాజా దాటిందో సున్నా రూపాయల లెక్కలో నమోదవుతుంది. నష్టం ఎంతో అణా పైసలతో తేలుతుంది, అందాజా అక్కర్లేదు.

ఆ లెక్కకు ఇంకో ఉపయోగం ఉంది, ఇది నాకు బండి నడుపుతూ తట్టిన ఆలోచన. ఏ గంటలో ఎన్ని కుటుంబాలు కోనసీమ దాటాయో కలెక్టరేటు కంట్రోల్ రూంకు ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. పునరావాస కేంద్రాల్లో ఎంతమంది ఉన్నారో తెలుసు, సొంతంగా వెళ్లినవాళ్ల లెక్క ఉండదు. ప్లాజా రీడర్ల సంఖ్యలు గంట గంటకూ కంట్రోల్ రూంకు వస్తే, బండ్లు ఇంకా పెరుగుతున్నాయా తగ్గాయా, రాత్రి ఆంక్ష ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది అంచనా మీద కాకుండా లెక్క మీద నిర్ణయించవచ్చు. పేర్లూ నంబర్లూ అక్కర్లేదు, సంఖ్య చాలు.

దొంగ ప్రయాణాల గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ రెండు రోజులు చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే లారీలూ ఉచితంగా పోతాయి కదా అని. పోతాయి. తరలింపు వాహనమో కాదో గేటు దగ్గర తేల్చాలంటే మళ్లీ ఆపాలి, ఆపితే క్యూ. కొందరు ఉచితంగా పోవడం ఈ పనికి అయ్యే ఖర్చు. పైగా తుపాను రోజున దూరప్రాంత లారీలను ముందే పక్కన ఆపించడం పోలీసులు ఎలాగూ చేస్తున్నారు.

ప్లాజాలో పనిచేసే పిల్లల గురించి ఒక మాట చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. ఆ బూత్‌లో కూర్చునే కుర్రాడూ, చేతి యంత్రం పట్టుకుని వానలో లైన్ల మధ్య తిరిగే అమ్మాయీ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. వాళ్ల ఇళ్లకూ అదే హెచ్చరిక వచ్చి ఉంటుంది. పైన అంత పెద్ద రేకుల కప్పు, గంటకు వంద కిలోమీటర్ల గాలి. పక్క ఊరిని ఖాళీ చేయించి, ఆ కప్పు కింద మాత్రం రాత్రి షిఫ్టు నడిపించడం ఏ భద్రతా నియమం ఒప్పుకుంటుంది? టోల్ ఆగితే అంబులెన్సుకు దారి చూపే నలుగురు తప్ప మిగతావాళ్లు ఇళ్లకు పోవచ్చు.

తుపాను వెళ్లిపోయాక కూడా కొంతకాలం ఈ మినహాయింపు ఉండాలి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, పాలకూ నీళ్లకూ జనం అల్లాడారు. కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్లు, పని చేసే లైన్‌మన్లు ఇతర జిల్లాల నుంచి రోడ్డు మీదే వచ్చారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు భోజనం పొట్లాలు, పాలు, మంచినీళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. వీటిలో ప్రైవేటు లారీలు, ట్రస్టుల వ్యాన్లు ఎన్నో. ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బండికి మినహాయింపు ఉంటుంది, ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లకు పడవ మోసుకొచ్చే కిరాయి లారీకి ఉండదు. వరదలకూ ఇదే వర్తించాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు, కోవూరు మధ్య హైవే తెగింది. 2023 జులైలో, మళ్లీ 2024లో ఐతవరం దగ్గర మున్నేరు నీళ్లు విజయవాడ-హైదరాబాద్ రోడ్డును ముంచాయి. చుట్టు తిరిగి పోయిన బండ్లు దారిలో అదనపు ప్లాజాలు దాటి అదనపు టోల్ కట్టాయి. మీ రోడ్డు మూసుకుపోయినందుకు మేము ఎక్కువ కట్టడం ఏ లెక్క?

కాబట్టి ముందే రాసి పెట్టుకోవాలన్న ఆ సర్క్యులర్‌లో ఏముండాలో నాకు తోచినంత రాస్తాను. జిల్లా కలెక్టరు తరలింపు ఉత్తర్వు ఇస్తే, లేదా వాతావరణ శాఖ ఆ తీరానికి 24 గంటల ముందు ఇచ్చే తుపాను హెచ్చరిక వెలువడితే, ఏది ముందైతే అప్పటి నుంచి, ఆ జిల్లాలోనూ దాని నుంచి లోపలికి పోయే దారిలో మరో 150 కిలోమీటర్ల వరకూ ఉన్న ప్లాజాల్లో టోల్ ఆగాలి. అన్ని లైన్లలో గేటు కర్రలు పైకి లేచే ఉండాలి, ఒక్క లైను తెరిచి మిగతావి మూసే తెలివితేటలు వద్దు. తర్వాత నెట్‌వర్క్ వచ్చాక పాత లెక్కలన్నీ ఒకేసారి కట్ చేయకూడదు. ఇది ముఖ్యం, ఎందుకంటే ఆలస్యంగా డెబిట్ మెసేజ్ రావడం మాకు మామూలే. పొరపాటున కట్ అయితే ఫిర్యాదు లేకుండానే వారంలో వెనక్కి వేయాలి. తీరం దాటిన తర్వాత 72 గంటలు రెండు వైపులా ఉచితంగా ఉంచాలి, వెళ్లినవాళ్లు తిరిగి రావాలి, సహాయం లోపలికి పోవాలి. గేట్లు లేని టోల్ పద్ధతి వస్తోందంటున్నారు. అది వచ్చినా ఇదే నిబంధన ఉండాలి, లేకపోతే ఆపడం పోయి, తుపాను నుంచి తేరుకున్న వారానికి ఫోన్‌కు జరిమానా నోటీసు వస్తుంది.

150 కిలోమీటర్లు, 72 గంటలు అన్నవి నా అంచనాలు. మీ ఇంజనీర్లు, విపత్తుల సంస్థ అధికారులు కూర్చుని మార్చుకోవచ్చు. మార్చకూడనిది ఒకటే: ఎవరో అడిగేదాకా ఆగే పద్ధతి వద్దు.

1977 నవంబరు 19న దివిసీమలో పది వేల మందికి పైగా కొట్టుకుపోయారు. 1996 నవంబరు 6న మా వైపు వెయ్యి మందికి పైగా పోయారు. ఆ లెక్కలు ఇప్పుడు పదుల్లోకి, ఒక్కోసారి వేళ్ల మీదికి దిగాయంటే ముందస్తు హెచ్చరికలు, షెల్టర్లు, తరలింపు, రోడ్లు కారణం. ఈ రోడ్లు వేసింది మీరే. ఆ మేలు మరిచిపోయి రాయడం లేదు. ఎన్‌హెచ్ 16 నాలుగు లైన్లు కాకముందు రావులపాలెం నుంచి విజయవాడకు ఎంతసేపు పట్టేదో నాకు తెలుసు.

మాకు తుపానుల కాలం అక్టోబరులో మొదలవుతుంది. మే నెలలోనూ ఒక్కోటి వస్తుంది. సర్క్యులర్ రాయడానికి పార్లమెంటు అక్కర్లేదు, ఫీజు నిబంధనలకు ఒక చిన్న సవరణ, దాని కింద ఒక పేజీ ఆదేశం చాలు. వచ్చే సీజనులోపు అది ఇప్పించి, ఒక కాపీ తీర జిల్లాల కలెక్టరేట్లకు, ఇచ్ఛాపురం నుంచి సూళ్లూరుపేట దాకా ప్రతి ప్లాజా మేనేజరుకు తెలుగులో కూడా పంపించవలసిందిగా కోరుతున్నాను. ప్లాజా ఆఫీసు గోడ మీద అతికిస్తే మరీ మంచిది, అప్పుడు మేము చూపించి మాట్లాడతాం.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక కిరాయి బండి డ్రైవరు